మంచు పుస్తకంలో చివరి పదకొండు పేజీలు

ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు గ్యాసు సిలిండరు వచ్చింది. తెచ్చినాయన దాన్ని గడప దగ్గర దించి, ఫోనుకు వచ్చిన నంబరు చెప్పమన్నాడు. కనెక్షను ఇంకా మా అక్క పేరు మీదే ఉంది. నంబరు ఆమె ఫోనుకే వస్తుంది. అక్క పోయి అప్పటికి మూడు నెలలు. గ్యాసు కోసమే ఆ ఫోనుకు అప్పుడప్పుడూ చార్జింగు పెడుతూ వచ్చాను. ఆ వారం మరిచిపోయాను. బీరువా సొరుగులోంచి తీసి, తీగ తగిలించి, అది వెలిగేదాకా అక్కడే నిలబడ్డాను. "తొందరేం లేదులే మేడం, నీడలోనే నిలబడుండా," అన్నాడాయన బయటి నుంచి. ఆ నాలుగు నిమిషాల్లో, ఫోను తీసిన చోట ఒక నోటుబుక్కు కనిపించింది. వెనక అట్ట మీద ఎక్కాలు అచ్చువేసిన బడి నోటుబుక్కు. నంబరు చెప్పాను, ఆయన వెళ్లిపోయాడు. సిలిండరును దించిన చోటే వదిలేసి నేను నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలిగింది రెండు దాటాకే.

మొదటి పేజీలో "చదివినవి" అని ఉంది, అక్క చేతిరాతలో. కింద వరసగా నలభై ఒక్క పుస్తకాలు. అన్నీ వేరే దేశాల నవలలు, తెలుగులోకి వచ్చినవి. కానీ ఆ జాబితా ఇంకెవరికీ పనికిరాదు. అందులో ఒక్క పుస్తకానికీ దాని అసలు పేరు లేదు, రాసినవాళ్ల పేరు లేదు. మంచు పుస్తకం. నల్ల రొట్టె. ఓడలో వంటవాడు. ఎలుకల జడ్జి. బావి తవ్వినాయన. అవి మా ఇంట్లో మేం పెట్టుకున్న పేర్లు. ఒక్కోదాని పక్కన గ్రంథాలయం వాళ్లు వేసిన నంబరు, అట్ట రంగు, చివర "అయింది" అనో "మధ్యలో ఆపాం" అనో ఒక మాట. ఇప్పుడు వాటిలో చాలావాటి అసలు పేర్లు నాకు తెలుసు. ఇక్కడ రాయను. రాస్తే చదివేవాళ్లు ఆ పుస్తకాల గురించి తమకు తెలిసినదంతా వెంట తెచ్చుకుంటారు. మాకు అప్పుడు వాటి గురించి ముందుగా తెలిసింది ఏమీ లేదు. నేను చెప్పబోయేది అర్థం కావాలంటే ఆ తెలియకపోవడమే ముఖ్యం.

అక్క ఫొటో పెద్దది చేయించి గోడకు వేయమని చుట్టాలు అంటూనే ఉన్నారు. నేను చేయించలేదు. ఆ నోటుబుక్కు చూసిన రోజున మాత్రం ఒక నిర్ణయానికి వచ్చాను. సంవత్సరీకం లోపల ఈ నలభై ఒక్క పుస్తకాల్లో దొరికినన్ని వెతికి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదవాలి. ఆమె కోసం ఇంకేమీ చేయనక్కర్లేదు అనుకున్నాను. నేను నాయుడుపేట కోర్టులో టైపిస్టుగా పనిచేసి, రిటైరయ్యాక ఊళ్లో అక్క దగ్గరికే వచ్చి ఉన్నాను. సాక్షి చెప్పింది చెప్పినట్టు కొట్టడం నా పని. ఉన్నది ఉన్నట్టు చదవడం అందులో కష్టమైన భాగం అవుతుందని అప్పుడు తోచలేదు.

కోట టౌనుకు మూడు మైళ్లలో ఉన్న మా ఊళ్లో, మా చిన్నతనంలో, ఎండాకాలం మధ్యాహ్నాలు చింతపండు పని ఉండేది. అన్నాలయ్యి, అంట్లు కడిగి బోర్లించాక వెనక వసారాలో గోనెపట్టాలు పరిచేవాళ్లు. కాయల పెచ్చులు తీయడం, ఈనెలు లాగడం, పండును రాయి మీద పెట్టి ఇనప కడ్డీతో కొట్టి గింజ తీయడం. వీధిలోని ఆడవాళ్లు తమ తమ గంపలు తెచ్చుకుని మా వసారాలోనే కూర్చునేవాళ్లు, అక్కడికి గాలి వచ్చేది కనుక. పులుపు వాసన, దాని మీద ఉప్పు వాసన, తూర్పు గాలి మళ్లితే ఎక్కడో ఆరబెట్టిన నెత్తళ్ల చేపల వాసన. సాయంత్రానికి అందరి వేళ్ల చివర్లు నానిపోయి తెల్లగా ముడతలు పడేవి. మా అక్క పెంచలమ్మ వేళ్లు ఒక్కటే మామూలుగా ఉండేవి. ఆమె చదివేది. చదివే మనిషి చేయి పనిలో పెట్టకూడదని మా అవ్వ కట్టడి. చింతపండు చేత్తో ముట్టుకుంటే పుస్తకం పాడవుతుంది, గ్రంథాలయం వాళ్లు ఇంకోటి ఇవ్వరు. అందుకని అక్క వాటా కాయలను మిగతావాళ్లు తలా కాస్త తమ గంపల్లోకి తీసుకునేవాళ్లు. దాన్ని "చదువు వాటా" అనేవాళ్లు. ఎవరూ విసుక్కున్నట్టు నాకు గుర్తులేదు. ఆ వాటా తీసుకోని రోజున వినే హక్కు ఉండదని మాత్రం అందరికీ తెలుసు.

అవ్వ గోడ వైపు తిరిగి పడుకుని వినేది. నిద్రపోయిందని అక్క ఆపితే, "ఆపినావేం?" అని గోడతో అన్నట్టుగా అడిగేది. ఆమెకు పేర్లతో పేచీ. మొదటి పుస్తకం మొదలుపెట్టినప్పుడే లేచి కూర్చుంది. "ఈ నోరు తిరగని పేర్లు నాకొద్దు. మనిషి పేరు నోట్లో నిలవకపోతే వాళ్ల కష్టం నాకెట్టా తెలస్తాది?" అంది. అప్పటి నుంచి పుస్తకంలోని ప్రతి మనిషికీ మా ఊరి పేరు ఒకటి పెట్టడం మొదలైంది. మొదటి అధ్యాయం అయ్యాక అక్క ఆగేది. వసారా అంతా కలిసి ఎవరికి ఏ పేరో తేల్చేది. దుర్మార్గుడు ఎవరైనా సరే అవ్వ ఒకే పేరు చెప్పేది: మా పొలానికి నీళ్లు రాకుండా కాలవ మళ్లించిన తన మరిది పేరు. ఆ మరిది అలా ఏడెనిమిది దేశాల్లో నానా ఘోరాలూ చేశాడు.

ఇది ఎక్కడికి దారి తీసిందో చెప్పాలి. ఓడ పుస్తకంలో ఒక పెళ్లయిన ఆమె తన ఇంట్లో చెప్పకుండా ఓడెక్కి వెళ్లిపోతుంది. ఆమెకు సుబ్బులు అని పేరు పెట్టారు. తూర్పువీధిలో నిజంగానే ఒక సుబ్బులు ఉంది. మా అమ్మ బోరింగు దగ్గర ఎవరితోనో కథ చెప్పింది: సుబ్బులు మొగుణ్ణి వదిలేసి పోయింది పాపం, అని. అది పుస్తకం సంగతి అని చెప్పడం మరిచిపోయింది. మూడో రోజు మధ్యాహ్నం సుబ్బులు అత్తగారు మా వసారా మెట్ల దగ్గర నిలబడింది. వెనకే సుబ్బులు.

"మా కోడలు ఓడెక్కిందని ఎవురు చెప్పినారమ్మా ఊళ్లో?"

అమ్మ తలెత్తలేదు. అవ్వే లేచింది. "మీ కోడలు కాదమ్మే. పుస్తకంలో కోడలు."

"పుస్తకంలోకి మా కోడలెందుకు పోయింది? ఇంట్లో పని లేకనా?"

వెనక నుంచి సుబ్బులు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఓడలో నేనేం తిన్నానక్కా?" అని మా అక్కను అడిగింది. అత్తగారు కూడా నవ్వాపుకోలేకపోయింది. ఇద్దరూ కూర్చుని అధ్యాయం విన్నారు. కానీ ఆ సాయంత్రం అవ్వ కొత్త కట్టడి చేసింది. "ఇంక పోయినోళ్ల పేర్లే పెట్టుకుందాం. వాళ్లయితే తగాదాకి రారు." పేరు కూడా ఆ ఇంటివాళ్లే ఇవ్వాలి, ఇంకొకళ్లు తీసుకోకూడదు. అలా మా తాత ఓడలో వంటవాడయ్యాడు. ఆయన పులుసు మాడ్చినప్పుడల్లా అవ్వ గోడ వైపు తిరిగే, "ఆయనంతే," అనేది. నేను తాతను చూడలేదు. నాకు ఆయన ఓడలో వంటవాడిగానే తెలుసు. ఇప్పుడు కూడా ఆయన ఫొటో చూస్తే ముందు సముద్రమే గుర్తొస్తుంది.

ఆ పుస్తకాలు మాకు ఏం నేర్పాయని ఎవరైనా అడిగితే నా దగ్గర పెద్ద జవాబు లేదు. బావి తవ్వినాయన నీళ్ల కోసం నలభై ఏళ్లు తవ్వితే చివరికి ఉప్పునీళ్లు పడ్డాయి. మా చేలో బోరు ఉప్పుతేలిన ఏడాది మా నాన్న ఎప్పుడూ చదవని ఆ పుస్తకం గురించి అమ్మను అడిగి మొత్తం చెప్పించుకున్నాడు. నల్ల రొట్టె విన్నాక ఒక నెలపాటు మా ఇంట్లో పళ్లెంలో మెతుకు మిగలలేదు. ఎలుకల జడ్జిని మధ్యలో ఆపేశాం. "ఎలకల మీద కేసేంది? పిల్లిని పెంచుకోమను," అని అవ్వ తీర్పు చెప్పేసింది. మొన్న దాన్ని పూర్తిగా చదివాను. మొత్తం జాబితాలో అంత మంచి పుస్తకం ఇంకోటి లేదు. అవ్వ తొందరపడింది.

జాబితాలోని నంబర్లు పట్టుకుని నేను కోట గ్రంథాలయానికి వెళ్లాను. ఇప్పుడు అక్కడ పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు నిండా ఉంటారు. ఒక్కళ్లూ తలెత్తరు, ఒక్కళ్లూ పెదవి కదపరు. లైబ్రేరియన్ అమ్మాయి నేను చెప్పింది ఓపికగా విని, అటక మీది పాత రిజిస్టరు దింపించింది. "నవలలు ఎవరూ అడగరు మేడం. మీరే మొదలు," అంది. నలభై ఒక్కటిలో ముప్పై మూడింటి పేర్లు రిజిస్టరులో దొరికాయి. వెనక గదిలో తాళం వేసిన బీరువాలో తొమ్మిది పుస్తకాలు మిగిలి ఉన్నాయి. మరికొన్నింటిని ఎవరో ఓపికగా ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు, వాళ్లెవరో వాళ్లకు నా నమస్కారం. బీరువాలోని తొమ్మిదిలో మంచు పుస్తకం ఉంది. బూడిదరంగు అట్ట, వీపున రెండోసారి వేసిన కుట్టు, అన్ని పేజీలూ ఉన్నాయి.

దాన్ని సంచీలో పెట్టుకుని తిన్నగా మస్తానత్త దగ్గరికి వెళ్లాను. మస్తాన్‌బీ మా వీధి చివరి ఇంటామె. వాళ్లాయన కోటలో పరుపులు కుట్టేవాడు. ఆమె దూది ఏకేది. వసారాకు వచ్చేటప్పుడు కనుబొమల మీద దూది పీచు ఉండేది. ఆ వసారాలో కూర్చున్న వాళ్లలో ఇప్పుడు నేను, ఆమె మిగిలాం. ఆమెకు ఎనభై దాటాయి, కళ్లు కనిపించవు, చెవులు మాత్రం మా అందరికంటే బాగా పనిచేస్తాయి. కూతురు షమీమ్ దగ్గర ఉంటుంది. నేను పుస్తకం ఆమె చేతిలో పెట్టాను. అట్ట తడిమింది.

"ఏంది మే ఇది?"

"మంచు పుస్తకం అత్తా. కోటలో దొరికింది."

ఆమె చాలాసేపు దాన్ని ఒళ్లోనే పెట్టుకుంది. "బాషా ఇంటికొచ్చే కాడ చదువు," అంది. "అదొక్కటే. ఇంకేం వొద్దు నాకు."

"మొదట్నుంచీ చదువుతాలే అత్తా. రేపట్నుంచి వస్తా."

బాషా ఆమె పెద్దకొడుకు. ఆరేళ్లవాడు. ఒక చలికాలం మూడు రోజుల జ్వరంతో పోయాడు. ఆ తర్వాత ఆమె మూడు నెలలు ఇంట్లోంచి బయటికి రాలేదు. వచ్చిన మొదటి రోజే అక్క మంచు పుస్తకం మొదలుపెట్టింది. కొండల్లో ఉత్తరాలు మోసే ఒకాయన, ఆయన భార్య, వాళ్ల చిన్న కొడుకు. మంచు పడే రోజు తండ్రి చేతి తొడుగులు మరిచి వెళ్తే, ఇవ్వడానికి పిల్లవాడు వెనకాల బయల్దేరతాడు. మొదటి అధ్యాయం అయ్యాక మామూలుగా పేర్ల దగ్గర ఆగాం. పిల్లవాడికి ఎవరి పేరు అని అక్క అడిగింది. మస్తానత్త కడ్డీ పక్కన పెట్టి, తల వంచుకునే, "మా బాషా పేరు పెట్టు పెంచలా," అంది. గోడ వైపు నుంచి అవ్వ, "పెట్టు," అంది.

చివరి అధ్యాయం చదవాల్సిన రోజు పొద్దున మా ఇంట్లో పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. అక్క పొయ్యి ముందే కూర్చుని ఉంది, చేతిలో పుస్తకం ఉంది, పాలు చూడలేదు. అమ్మ తిట్టింది. ఆ మధ్యాహ్నం బాషా మంచులో దారి తప్పి, బొగ్గులు కాల్చేవాళ్ల గుడిసె చేరి, తెల్లవారాక తండ్రి భుజాల మీద ఇంటికి వచ్చాడు. వసారా అంతా ఏడ్చింది, సంతోషంతో. మస్తానత్త ఆ రోజు నుంచి రోజూ వచ్చింది. నేను అక్క పక్కన కూర్చునేదాన్ని. ఆ రోజు నాకు ఒక సంగతి వింతగా అనిపించింది. అక్క చాలాసేపు చదివింది, పేజీ తిప్పలేదు. ఆ పేజీలో అక్షరాలు ఎక్కువేమో అనుకున్నాను.

అందుకే గ్రంథాలయం నుంచి వచ్చిన రాత్రి ఆ పుస్తకం చివర చూసినప్పుడు నేను పూర్తిగా ఆశ్చర్యపోయానని చెప్పలేను. అచ్చులో బొగ్గులవాళ్ల గుడిసె లేదు. పిల్లవాడు దారి పక్కనే దొరుకుతాడు, తొడుగులు ఒళ్లో పెట్టుకుని. తండ్రికే దొరుకుతాడు. పుస్తకం అక్కడ అయిపోదు. ఆ తర్వాత ఇంకా పదకొండు పేజీలున్నాయి. అక్క పోయిన మూడు నెలల్లో మొదటిసారి నాకు ఆమె మీద కోపం వచ్చింది. ముగింపు మార్చినందుకు కాదు. పంతొమ్మిదేళ్ల పిల్ల, ఎదురుగా ఆ తల్లి, ఆ పేరు. ఇంకెవరైనా అంతే చేసేవాళ్లు. కానీ తర్వాత ఎన్నో ఏళ్లు ఇద్దరూ ఒకే వీధిలో ఉన్నారు. ఎప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చెప్పకుండా, ఆ పని నాకు మిగిల్చి వెళ్లింది.

మర్నాడు షమీమ్‌ను పక్కకు పిలిచి ఉన్నది చెప్పాను. ఆమె రొయ్యల కంపెనీ వ్యాను దిగి అప్పుడే వచ్చింది, ఐసులో రొయ్యలు వలిచిన చేతులు ఇంకా చల్లగా ఉన్నాయి.

"అక్కా, అమ్మకి ఎనభై దాటినాయి," అంది. "పిల్లోడు ఇంటికొచ్చినాడని చదివితే నీదేం పోయింది?"

"నాదేం పోదు."

"మల్లా? మీ అక్క చెప్పినట్టే చెప్పెయ్యి. నాకు అన్న మొహం గూడా తెలవదు. అమ్మకి ఆ కతలోనే వాడు మిగిలుండేది. దాన్ని గూడా తీసుకుంటావా?"

ఆమె అన్నది నిజం. అయినా, "పిల్లోడు పోయినాక ఆ ఇంట్లో వాళ్లు ఎట్టా బతికినారో పదకొండు పేజీలుంది షమీమ్. మీ అమ్మ అది వినలా. పిల్లోడు ఇంటికొచ్చినాడని చెప్పడంతో అది మొత్తం పోయింది," అన్నాను.

"వింటే అమ్మకేమైనా అయితే?"

"తెలవదు."

"నేను పక్కనే కూచుంటా. అమ్మ మొహం మారితే పుస్తకం లాగేస్తా. చెప్తుండా ముందే."

"లాగెయ్యి," అన్నాను.

వారం రోజులు, షమీమ్ పని నుంచి వచ్చాక, సాయంత్రం నాలుగున్నరకు మొదలుపెట్టేవాళ్లం. మొదటి రోజే మస్తానత్త నన్ను ఆపింది.

"ఇల్మార్ అంటే ఎవుడు?"

"ఆ పిల్లోడే అత్తా. పుస్తకంలో ఉండే పేరు."

"బాషా గదా."

"అక్క పెట్టింది బాషా. నేను ఉండేది ఉన్నట్టు చదువుతా."

ఆమె పెదవి విరిచింది. "నీది కోర్టు బుద్ధి. సరే, కానీ." తర్వాత రెండు రోజులు ఆ పేరును తనలో తాను అనుకుంటూ ఉండేది, నాలుకకు అలవాటు చేస్తున్నట్టు. మూడో రోజుకు నేను తడబడితే ఆమే అందించింది. నాలుగో రోజు, "ఈ పిల్లోడు మా వాడికంటే అల్లరి," అంది. షమీమ్ నా వైపు చూసింది. నేను పేజీ తిప్పాను.

చివరి రోజు తండ్రి తెల్లవారుజామున లాంతరు పట్టుకుని దారి వెంట వెనక్కి వస్తున్నాడు. నేను మామూలుగానే చదువుతున్నానని అనుకున్నాను. "ఆగు," అంది మస్తానత్త.

ఆగాను.

"నీ గొంతు మారింది. వాడు రాడు గదా?"

షమీమ్ చేయి పుస్తకం మీదికి వచ్చింది. మస్తానత్తకు కనిపించదు, కనిపించదు కనుకనే ఆ చేయి కదలడం విన్నట్టుంది. "చెయ్యి తియ్యి షమీమ్," అంది. "చదవమ్మే. పూర్తిగా చదువు."

చదివాను. తండ్రి పిల్లవాడిని చూసిన పేజీని నేను ఎంత మామూలుగా చదవగలనో అంత మామూలుగా చదివాను. ఆ తర్వాత పదకొండు పేజీలు. అందులో పెద్ద సంఘటనలేమీ లేవు. ఊరివాళ్లు ఆయనకు ఉత్తరాల సంచీ ఇవ్వడానికి మొహమాటపడతారు, ఆయనే వచ్చి తీసుకుంటాడు. తల్లి చలికాలమంతా పిల్లవాడి గడ్డి పరుపును రోజూ దులిపి మళ్లీ అక్కడే వేస్తుంది. మంచు కరిగాక ఒక పొద్దున నీళ్లు కాస్తూ కాస్తూ లేచి, పరుపును వాకిట్లోకి తెచ్చి, కుట్లు తనే విప్పి, పాత గడ్డిని మేకలకు వేసి, కొత్త గడ్డి నింపి కుడుతుంది. దారినపోయే ఎవరో ముసలాయన ఆ రాత్రి దాని మీద పడుకుంటాడు. అంతే పుస్తకం.

నేను ముగించాను. షమీమ్ తల్లి మొహాన్నే చూస్తూ ఉంది. మస్తానత్త చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"మీ నాయన," అంది షమీమ్‌తో, "బాషా పరుపు విప్పినాడు. నన్నడగలా. నెల గూడా కాలా. ఆ దూది మల్లా ఏకి ఎవురిదో పెళ్లి పరుపులో కలిపేసినాడు. నెలల తరబడి నేను ఆయనతో మాట్లాడలా. నువ్వు పుట్టేదాకా మాట్లాడలా."

షమీమ్‌కు ఇది తెలియదు. నాకూ తెలియదు. ఆ ఎండాకాలమంతా రోజూ మా వసారాలో కూర్చుని, మాతో నవ్వి, మా అక్క చదువు వాటా తన గంపలోకి తీసుకున్న మనిషి, ఇంటికి వెళ్లి మొగుడితో మాట్లాడేది కాదు.

"ఈయమ్మ తనే విప్పింది," అంది మస్తానత్త. "ఎవురో ఒకరు విప్పాల్సిందే. ఆయన విప్పినాడు. ఆ మనిషికి చేతనైంది అదే. ఆయన ఉన్నప్పుడే ఇది వినుంటే బాగుండు," అంది.

"అక్క తప్పు చేసిందా అత్తా?" అడిగాను. అడగకూడదేమో. ఆ ప్రశ్న నాది, ఆమెది కాదు.

"ఆ పొద్దు ఇది చదివుంటే నేను కడ్డీ పారేసి లేచి పోయుండేదాన్ని. మల్లా మీ గడప తొక్కుండేదాన్ని కాదు. పెంచల చేసింది తప్పెట్టా అయితాది?" ఆమె చేయి గాలిలో వెతికి నా మోకాలు దొరకబుచ్చుకుంది. "చాన్నాళ్లు అబద్ధం మీద కూచోబెట్టింది, అదొకటి. ఉంటే నాలుగు తిట్లు తిట్టుండేదాన్ని. మల్లా చదువు. ఆ పరుపు విప్పే కాడి నుంచి."

మళ్లీ చదివాను. షమీమ్ ఈసారి నా వైపు జరిగి, పుస్తకంలోకి చూస్తూ కూర్చుంది.

ఆ రోజులతో ఈ రోజులను పోల్చడం నాకు పెద్దగా ఇష్టం లేదు. పోల్చేవాళ్లు సాధారణంగా పాతవాటి వైపే తూకం వేస్తారు. మా ఊరి చేలల్లో సగం ఇప్పుడు రొయ్యల గుంటలు. ఆడవాళ్లు మధ్యాహ్నం వసారాల్లో లేరు, వ్యానుల్లో కంపెనీలకు వెళ్తున్నారు, తమ జీతం తాము తెచ్చుకుంటున్నారు. చింతపండు ప్యాకెట్లలో వస్తుంది, గింజ తీసేసి. ఇందులో ఏడవాల్సింది ఏమీ లేదు. అప్పటి వసారాలో అందరం కలిసి విన్నాం, నిజమే. కలిసి విన్న ఆ కొన్ని నెలల్లో మా మధ్య కూర్చున్న మనిషికి ఏం జరుగుతోందో మాకు ఎవరికీ తెలియలేదు, అదీ నిజమే. మేం ఆమెకు సంతోషకరమైన ముగింపు ఇచ్చాం, ఇంక ఆమె బాగానే ఉందనుకున్నాం. ఇప్పుడు ముగ్గురమే వింటున్నాం. వసారాకు బదులు ఫ్యాను కింద. అయినా ఈ ముగ్గురికీ ఒకరి సంగతి ఒకరికి కొంచెం ఎక్కువ తెలుసు.

జాబితాలో ఇంకా ఇరవై ఆరు పుస్తకాలు మిగిలాయి. సంవత్సరీకం లోపల పూర్తికావు. గడువు తీసేశాను, పూర్తి చేయాలన్న నిర్ణయం మాత్రం తీసేయలేదు. నల్ల రొట్టె మొదలుపెట్టే రోజు మస్తానత్త మొదటి వాక్యం కూడా చదవనివ్వలేదు.

"ఇందులో ఎవురన్నా పోతారా?"

"గుర్తులేదు అత్తా. ఈ రాత్రికి చివరిదాకా చదివి రేపు చెప్తా."

"వొద్దు. నువ్వు ముందే చదువుకోని రావద్దు. నీకు తెలిస్తే నీ గొంతులో నాకు తెలిసిపోతాది. మీ అక్కకి తెలిసే గదా అంతా వచ్చింది. ముగ్గురం ఒకేసారి విందాం."

షమీమ్ నవ్వింది. "కోర్టమ్మకి ఇప్పుడు కట్టడి పెట్టింది మా అమ్మ."

అందుకని పుస్తకం షమీమ్ ఇంట్లోనే, టీవీ పక్కన ఉంటుంది. నేను సాయంత్రం వెళ్లి, గుర్తు పెట్టిన చోట తెరిచి, వాళ్లతో పాటే తెలుసుకుంటాను. తడబడతాను, కొన్ని మాటల దగ్గర ఆగిపోతాను. ఏ పుస్తకాన్నీ ఇప్పుడు నేను ముందుగా చదివిపెట్టుకోవడం లేదు.